పెయింట్‌బాల్ గాలి ట్యాంకు కొనేముందు: సైజు కంటే ముందు ముద్ర చూడాలి

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో స్థిరపడ్డ తెలుగు ముస్లిం కుటుంబాల్లో పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి పెయింట్‌బాల్ అనే మాట ఇంట్లోకి వచ్చేస్తుంది. క్లాస్‌మేట్ బర్త్‌డేకి ఒకసారి వెళ్తారు, ఈద్ సెలవుల్లో కజిన్లతో ఇంకోసారి వెళ్తారు. మొదట్లో గ్రౌండు వాళ్లిచ్చే అద్దె సామానుతోనే సరిపోతుంది. నాలుగోసారికి 'అబ్బా, నాకు సొంత సెట్ కావాలి' అని మొదలవుతుంది. గన్ను ఏది కొనాలో పిల్లాడు వీడియోలు చూసి అప్పటికే తేల్చేసి ఉంటాడు. మాస్కు గురించి తల్లి అడుగుతుంది. గన్ను వెనక బిగించే గాలి ట్యాంకు గురించి మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు. రంగు నచ్చిందా, రేటు తక్కువుందా, అంతే.

నిజానికి ఆ సెట్ మొత్తంలో ఒంటి మీద ప్రభుత్వ అనుమతి ముద్ర ఉండాల్సిందీ, తారీఖు దాటితే గ్రౌండు వాళ్లు గాలి పట్టనిదీ ఈ ట్యాంకే. సెకండ్ హ్యాండ్‌లో 40 డాలర్లకే దొరికిందని సంబరపడి తెచ్చుకున్న ట్యాంకుని గ్రౌండులో తిప్పి చూసి 'దీనికి గాలి పట్టం' అన్నారంటే ఆ 40 డాలర్లు పోయినట్టే. డబ్బుతో పోతే అదృష్టమే. తారీఖు ఎవరూ చూడకుండా గాలి పట్టేసినప్పుడే అసలు భయం.

లోపల ఎంత ఒత్తిడి ఉంటుంది

వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపలి ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. కారు టైరులో 32, 35. గ్యాస్ పొయ్యి కింద ఉండే సిలిండర్‌లో ఎండాకాలం 100 పీఎస్ఐకి అటూ ఇటూ. పెయింట్‌బాల్ ట్యాంకులో మాత్రం 3000 లేదా 4500 పీఎస్ఐ. చేతిలో పట్టేంత సీసాలో కుక్కర్‌కి 200 రెట్లు, 300 రెట్లు ఒత్తిడి అన్నమాట. యూరప్ నుంచి వచ్చిన ట్యాంకుల మీద ఇదే లెక్క బార్లలో ఉంటుంది. 200 బార్, 300 బార్ అని రాసినవి దాదాపుగా ఈ రెండు రకాలే.

అంత ఒత్తిడి నేరుగా గన్నులోకి పోదు. సీసా మూతి దగ్గర ఒక రెగ్యులేటర్ ఉంటుంది. గ్యాస్ సిలిండర్ మీద రెగ్యులేటర్ ఏం పని చేస్తుందో ఇదీ అదే పని చేస్తుంది. లోపల 4500 ఉన్నా, 2000 ఉన్నా బయటికి 800 నుంచి 850 పీఎస్ఐ మాత్రమే పంపుతుంది. ఆ పైన గన్ను తన అవసరానికి తగ్గట్టు ఇంకా తగ్గించుకుంటుంది. చివరికి 3 గ్రాముల రంగు గుండు సెకనుకు 280 నుంచి 300 అడుగుల వేగంతో బయటికొస్తుంది. చాలా గ్రౌండ్లలో 300 దాటితే ఆడనివ్వరు.

రెగ్యులేటర్ చుట్టూ ఇంకొన్ని చిన్న భాగాలుంటాయి. గాలి పట్టే ముక్కును ఫిల్ నిపుల్ అంటారు. దాని పక్కన లోపల ఎంతుందో చూపే చిన్న గేజ్ ఉంటుంది. రెండు బోల్టుల్లాంటివి కనిపిస్తాయి, వాటిని బర్స్ట్ డిస్క్‌లంటారు. ఒత్తిడి హద్దు దాటితే వాటిలోని పల్చటి రేకు చిరిగి గాలిని బయటికి వదిలేస్తుంది. కుక్కర్‌లో సేఫ్టీ వాల్వ్ లాంటిదే. 3000 ట్యాంకుకి 5000 డిస్క్, 4500 ట్యాంకుకి 7500 డిస్క్, రెగ్యులేటర్ అవతలి వైపు 1800 డిస్క్ వేస్తారు. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ఆ రేకు ఉన్నా లేనట్టే. డిస్క్ పోతే ఇంట్లో కూర్చుని పాత పెట్టెలో దొరికిన బోల్టు బిగించడం కుక్కర్ సేఫ్టీ వాల్వ్‌కి చింతపండు కుక్కడంతో సమానం.

కార్బన్ డయాక్సైడా, గాలా

పెయింట్‌బాల్ మొదటి ఆట 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, హెన్నికర్ దగ్గర అడవిలో జరిగింది. పన్నెండు మంది ఆడారు. అడవిలో చెట్లకు గుర్తులు వేయడానికి తయారుచేసిన రంగు పిస్తోళ్లే అప్పటి గన్నులు. అవి 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళికలతో పనిచేసేవి. ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్ద సీసాల్లో కూడా అదే గ్యాస్ నడిచింది. ఇప్పటికీ తక్కువ రేటు సెట్లతో కార్బన్ డయాక్సైడ్ సీసా అంటగడుతుంటారు.

దాంతో చిక్కేమిటంటే, సీసాలో అది ద్రవంగా ఉంటుంది. బయట ఎంత వేడి ఉంటే లోపల అంత ఒత్తిడి. 0 డిగ్రీల చలిలో 500 పీఎస్ఐ దగ్గర ఉండేది, 21 డిగ్రీలకు 850 అవుతుంది, 31 డిగ్రీలకు 1000 దాటేస్తుంది. చికాగో నవంబరులో గుండు ముక్కుతూ మూలుగుతూ వెళ్తుంది, హ్యూస్టన్ జూలైలో హద్దు మీరుతుంది. వరసగా కాలిస్తే సీసా మంచులా చల్లబడి ద్రవమే గన్నులోకి పోయి రబ్బరు రింగులు పాడవుతాయి. గాలి ట్యాంకుకి ఈ బాధ లేదు. రెగ్యులేటర్ ఉంది కాబట్టి చలిలోనైనా ఎండలోనైనా బయటికొచ్చే ఒత్తిడి దాదాపు ఒకటే. అందుకే కొత్తగా కొనేవాళ్లు గాలి ట్యాంకే తీసుకోవడం మంచిది. రెండు రకాల సీసాలకూ మర ఒకటే కావడంతో గన్నుకి ఏదైనా బిగుస్తుంది. కానీ గాలి ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ నింపకూడదు. ఎలక్ట్రానిక్ గన్నులకి చాలావాటికి కార్బన్ డయాక్సైడ్ అసలు పెట్టకూడదని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది.

48/3000 అంటే ఏమిటి

ట్యాంకు పేరే దాని కొలత. గీతకు ముందు అంకె లోపలి ఖాళీ, క్యూబిక్ అంగుళాల్లో. తర్వాతి అంకె ఎంత ఒత్తిడి దాకా నింపొచ్చో చెప్తుంది. 48/3000 అంటే 0.8 లీటరు సీసా, 3000 పీఎస్ఐ దాకా. 68/4500 అంటే 1.1 లీటరు, 4500 దాకా.

ఎన్ని గుండ్లు వస్తాయన్నదానికి ఆటగాళ్లు వాడే నోటి లెక్క ఒకటుంది. 3000 ట్యాంకులో క్యూబిక్ అంగుళానికి పది, 4500 ట్యాంకులో పదిహేను. ఆ లెక్కన 48/3000కి 480, 68/4500కి వెయ్యి పైచిలుకు. గన్నుని బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. గేజ్ 800 దగ్గరికి దిగిందంటే ఇంకా గాలి ఉన్నట్టు కనిపించినా గుండు ముందే కింద పడిపోవడం మొదలవుతుంది. రెగ్యులేటర్ పంపాల్సినంత లోపలే లేనప్పుడు అది ఏం పంపుతుంది?

కొత్తగా ఆడే పిల్లాడు పూటకి ఒక 500 గుండ్ల సంచి కాలిస్తే గొప్ప. గ్రౌండులో ఆటకీ ఆటకీ మధ్య మళ్లీ గాలి పట్టించుకునే వీలు ఎలాగూ ఉంటుంది. అంటే అద్దె గన్నులకు సాధారణంగా కనిపించే 48/3000 అల్యూమినియం ట్యాంకు చాలు. కొత్తది సుమారు 50 నుంచి 70 డాలర్లలో దొరుకుతుంది. 68/4500 కార్బన్ ఫైబర్ ట్యాంకుకి 150 నుంచి 250 దాకా పెట్టాలి. ఆ డబ్బుకి రెండింతలు గాలి పడుతుంది, అయినా బరువు మాత్రం అల్యూమినియం కంటే కాస్త తక్కువే. పల్చటి అల్యూమినియం సీసా చుట్టూ కార్బన్ పోగులు జిగురుతో చుట్టడం వల్ల ఆ బలం వస్తుంది. నెలకి రెండు మూడుసార్లు ఆడేవాడికి ఇది దండగ కాదు. ఏడాదికి రెండుసార్లు ఆడేవాడికి మాత్రం దండగే.

బరువు గురించి ఎక్కువ, పొడవు గురించి తక్కువ మాట్లాడతారు. నిజానికి ట్యాంకు వెనక భాగమే భుజానికి ఆనుతుంది. చేతులు పొట్టిగా ఉన్న పదకొండేళ్ల పిల్లాడికి 68 లేదా 77 సైజు ట్యాంకు పెడితే ట్రిగ్గర్ అందుకోవడానికి మెడ వంచుకుని ఆడతాడు. అలాంటివాడికి 45/4500 లేదా 50/4500 లాంటి పొట్టి రకాలు బాగుంటాయి. ట్యాంకుని షాపులో గన్నుకి బిగించి, మాస్కు పెట్టించి, భుజానికి ఆనించి చూపించమని అడగడంలో మొహమాటం ఏమీ లేదు. పండక్కి షేర్వానీ కొనేటప్పుడు వేసి చూడకుండా కొంటారా?

ఇంకో చిక్కు చాలామంది కొన్నాక గాని తెలుసుకోరు. 4500 ట్యాంకు కొన్నంత మాత్రాన ఊళ్లో 4500 గాలి దొరకాలని లేదు. పెద్ద గ్రౌండ్లలో దొరుకుతుంది. చిన్న గ్రౌండ్లలో, కొన్ని డైవింగ్ షాపుల్లో 3000 దాకానే పడతారు. అప్పుడు 68/4500లో మూడింట రెండు వంతులే నిండుతుంది, 680 గుండ్లతో సరి. కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోవాల్సింది ట్యాంకు రేటు కాదు, 'మీ దగ్గర ఎంత దాకా గాలి పడతారు' అని. 4500 ట్యాంకుని 3000 దాకా నింపితే నష్టమేమీ లేదు. 3000 ట్యాంకుని 4500 పైపుకి తగిలిస్తే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. దురదృష్టం ఏమిటంటే రెండింటి ఫిల్ నిపుల్ సైజూ ఒకటే, పైపు దేనికైనా పట్టేస్తుంది. ఆపేది మనిషి కళ్లే. టైరుకి గాలి కొట్టే పంక్చర్ షాపు యంత్రంతో ఈ పని అవుతుందేమో అనే ఆశ వదులుకోవాలి, అది 150 పీఎస్ఐ దాటడమే కష్టం.

ముద్ర చదవడం

ఊళ్లో గ్యాస్ సిలిండర్ దించుకునేటప్పుడు పైన రింగు కింది పట్టీ మీద 'బి-27' లాంటి గుర్తు చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి కూడా అలాగే మూడేసి నెలలు. ఆ అంకె సిలిండర్‌ని మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయాలో చెప్పే గడువు.

అమెరికాలో పెయింట్‌బాల్ ట్యాంకు మీద ఉండేది దీనికి తలకిందులు. అక్కడ కొట్టేది పరీక్ష జరిగిపోయిన తారీఖు, లేదంటే తయారైన తారీఖు. గడువు దాని మీద ఉండదు, చూసేవాళ్లే ఐదేళ్లు కలుపుకోవాలి. ఊరి అలవాటులో ఉన్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. తారీఖు పాతదిగా కనిపిస్తే కంగారు పడి మంచి ట్యాంకు వదిలేసేవాళ్లూ ఉన్నారు, తారీఖు ఉంది కదా అని గడువు దాటినది కొనేసేవాళ్లూ ఉన్నారు. 2022 మార్చి అని ఉంటే 2027 మార్చి దాకా గాలి పట్టించుకోవచ్చని అర్థం.

అల్యూమినియం సీసా మీద మెడ దగ్గర లోహంలోనే అక్షరాలు గుద్ది ఉంటాయి. అమెరికా రవాణా శాఖ గుర్తు డీఓటీ, ఆ తర్వాత 3ఏఎల్, ఆ వెంటనే 3000. పక్కన సీరియల్ నంబరు, నెల, సంవత్సరం. కార్బన్ ఫైబర్ సీసా మీద ఇవన్నీ జిగురు పొర కింద అతికించిన లేబుల్ మీద ఉంటాయి. అక్కడ డీఓటీ తర్వాత ఎస్‌పీ అనీ, ఒక పర్మిట్ నంబరూ, 4500 అనీ కనిపిస్తాయి. పాతవాటి మీద ఎస్‌పీ బదులు ఈ అని ఉంటుంది. కెనడాలో టీసీ గుర్తు కావాలి. చాలా ట్యాంకుల మీద డీఓటీ, టీసీ రెండూ కలిపే ఉంటాయి. యూరప్‌లో అమ్మేవాటి మీద గ్రీకు అక్షరం 'పై' ఉంటుంది. లండన్‌లో ఉన్న మామూ ప్రేమగా పంపిన ట్యాంకు ఎంత ఖరీదైనదైనా డీఓటీ గుర్తు లేకపోతే అమెరికా గ్రౌండులో దానికి గాలి పట్టకూడదు. ఆన్‌లైన్‌లో సగం రేటుకి వచ్చే పేరూ ఊరూ తెలియని సీసాల సంగతీ అంతే. అమ్మకం పేజీలో ఫొటో పెద్దదిగా చేసి ఆ అక్షరాలు ఉన్నాయా లేవా చూస్కోవాలి. లేకపోతే అమ్మేవాడు ఎంత తీయగా చెప్పినా ముందుకు పోకూడదు.

ఐదేళ్లకోసారి చేసే పరీక్షని హైడ్రో టెస్ట్ అంటారు. సీసాలో గాలి బదులు నీళ్లు నింపి, మామూలు ఒత్తిడికి ఒకటింబావు కూడా కాదు, ఒకటీ మూడింట రెండు వంతుల ఒత్తిడి పెడతారు. 3000 సీసాకి 5000, 4500 సీసాకి 7500. సీసా కాస్త ఉబ్బుతుంది. ఒత్తిడి తీసేశాక మళ్లీ ముందు సైజుకి రావాలి. అల్యూమినియం సీసా ఉబ్బినదాంట్లో పదో వంతు కంటే ఎక్కువ అలాగే మిగిలిపోతే పరీక్ష తప్పినట్టే, ఇక దాన్ని వాడకూడదు. నీళ్లే ఎందుకంటే, సీసా పగిలినా నీళ్లు గాలిలా విచ్చుకుని పేలవు. పాసైతే పరీక్ష చేసిన సంస్థ గుర్తింపు అక్షరాలతో పాటు నెల, సంవత్సరం వేస్తారు. ఆ గుర్తింపు లేకుండా ఎవరో చేత్తో గీకినట్టు తారీఖు మాత్రమే ఉంటే అనుమానించాల్సిందే.

ఈ పరీక్షకి సుమారు 30 నుంచి 50 డాలర్లు అవుతుంది. ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. 60 డాలర్ల అల్యూమినియం ట్యాంకుకి 40 డాలర్లు పెట్టి టెస్ట్ చేయించడం కంటే కొత్తది కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది, చాలామంది చేసేది కూడా అదే. కార్బన్ ఫైబర్‌కి మాత్రం టెస్ట్ చేయించడంలో అర్థం ఉంది, కాకపోతే దానికి ఆయుష్షు హద్దు ఉంది. టెస్ట్ పాసవుతున్నంత కాలం అల్యూమినియం సీసా వాడుకోవచ్చు. కార్బన్ ఫైబర్ సీసా ఏ పర్మిట్ కింద తయారైతే దాని ప్రకారం నడవాలి, ఎక్కువ వాటికి తయారైన నాటి నుంచి 15 ఏళ్లే. 2013 జూన్‌లో తయారైన సీసా 2018లో, 2023లో రెండు టెస్టులు పాసైనా సరే, 2028 జూన్‌తో దాని పని అయిపోయినట్టే. 2026 వేసవిలో అది కొనేవాళ్లు రెండేళ్ల ట్యాంకు కొంటున్నారు, రేటు కూడా రెండేళ్లకే కట్టాలి.

సెకండ్ హ్యాండ్ ట్యాంకు చూడ్డానికి వెళ్తే మొదట చేయాల్సిన పని దాని రబ్బరు తొడుగు తీయించడం. తొడుగు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ దాని కిందే తారీఖూ, గీతలూ, దెబ్బలూ దాక్కుంటాయి. తేమ, ఇసుక కూడా అక్కడే పేరుకుంటాయి. కార్బన్ పోగులు తెగి పైకి లేచినా, గోటితో రాస్తే లోతుగా తగిలే గాటు ఉన్నా, ఎక్కడైనా సొట్ట ఉన్నా టెస్ట్ చేసేవాళ్లకి చూపించకుండా కొనకూడదు. ఎవరో ఇంట్లో స్ప్రే పెయింట్ కొట్టిన ట్యాంకయితే అసలు వద్దు, ఆ రంగు కింద ఏముందో కొట్టినవాడికే తెలియాలి.

2004 నాటి హెచ్చరిక

ట్యాంకు విషయంలో ఇంత గొడవ ఎందుకని అడిగే పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 2004లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పెయింట్‌బాల్ సీసాల మీద హెచ్చరిక ఇచ్చింది. గన్ను నుంచి విడిపోయిన కార్బన్ డయాక్సైడ్ సీసాలు రాకెట్‌లా ఎగిరి తగలడంతో ఇద్దరు చనిపోయారు. ఒకరు ఆటగాడు, 15 ఏళ్ల కుర్రాడు. రెండో మనిషి అసలు ఆటలోనే లేదు. కొడుకు ఆడుతుంటే చూస్తున్న తల్లి.

జరిగేది ఇదీ. సీసా వేరు, దాని మూతికి మరతో బిగించిన ఇత్తడి వాల్వ్ వేరు. వాల్వ్ గన్నుకి బిగుస్తుంది. ఆట అయ్యాక సీసా తిప్పి తీసేటప్పుడు సీసా, వాల్వ్ రెండూ కలిసి తిరగాలి. వాల్వ్ మర వదులైపోయి ఉంటే అది గన్నుకే అంటుకుపోయి సీసా ఒక్కటే ఊడి వచ్చేస్తుంది. లోపలి గ్యాస్ మొత్తం ఒక్కసారి వెనక్కి తన్నుతుంది. గాలి ట్యాంకులోనూ సీసా వేరు, రెగ్యులేటర్ వేరే కాబట్టి ఈ జాగ్రత్త దానికీ వర్తిస్తుంది.

దీనికి మందు ప్రతి ఇంట్లోనూ ఉంది, నెయిల్ పాలిష్. కమిషన్ చెప్పిన సలహా కూడా అదే. షాపువాళ్ల చేత సీసా, మూతి బాగా బిగిసి ఉన్నాయని చూపించుకున్నాక, రెండింటి మీదుగా ఒకే గీత గీయాలి. తిప్పి తీసేటప్పుడు ఆ గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగిందంటే అక్కడితో ఆపేయాలి. వెనక్కి బిగించి, గ్రౌండులో ట్యాంకులు బాగుచేసే మనిషికి ఇవ్వాలి. పిల్లాడు దాన్ని సొంతంగా విప్పి చూడకూడదు, తండ్రి కూడా. సీసా, రెగ్యులేటర్ వేరు చేయడం ఇంట్లో చేసే పని కానే కాదు.

గన్నుకి ఆన్-ఆఫ్ మీట ఉంటే తీయడం సులువు. మీట మూసి, మాస్కు తీయకుండా, గన్ను నేల వైపు పెట్టి మిగిలిన గాలి కాల్చేసి అప్పుడు తిప్పాలి. కొత్త గన్ను కొంటుంటే ఆ మీట ఉన్నదే తీసుకోవడం మంచిది. మాస్కు మాట వచ్చింది కాబట్టి, ట్యాంకు మీద మిగిల్చిన డబ్బుంటే అది మాస్కు మీద పెట్టాలి. ఏఎస్‌టీఎం ఎఫ్1776 ప్రమాణం అని దాని మీద రాసి ఉండాలి. మామూలు కళ్లద్దాలు, బైక్ గాగుల్స్ ఈ గుండుని ఆపలేవు.

గాలి పట్టేటప్పుడు, దాచేటప్పుడు

ఫిల్ నిపుల్ మీద ఒక్క చుక్క నూనె కూడా పడకూడదు. తలుపు బందుకి కొట్టినట్టు దానికి నూనె కొట్టేవాళ్లున్నారు. డీజిల్ లారీ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. నూనె ఉన్న నిపుల్‌లోకి 4500 పీఎస్ఐ గాలి దూసుకెళ్తే జరిగేది కూడా అదే, కాకపోతే అక్కడ ఇంజిన్ బదులు మనిషి చెయ్యి ఉంటుంది. రబ్బరు రింగులకి తయారీదారు చెప్పిన గ్రీజే వాడాలి. నిపుల్‌కి ఏమీ వాడొద్దు, శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు. రబ్బరు మూత పెట్టి ఉంచితే మట్టి చేరదు.

గాలి నెమ్మదిగా పట్టాలి. తొందరగా పడితే సీసా వేడెక్కి గేజ్ నిండినట్టు చూపిస్తుంది, పది నిమిషాలకి చల్లబడ్డాక నాలుగైదు వందలు తగ్గిపోతుంది. గ్రౌండు మోసం చేసిందని గొడవ పడటం అనవసరం.

ఎండలో కారు డిక్కీలో నిండు ట్యాంకు వదిలేయకూడదు. 20 డిగ్రీల దగ్గర 4500 ఉన్నది 60 డిగ్రీల వేడికి 5100 దాటుతుంది. టెక్సాస్ వేసవిలో మూసి ఉంచిన కారులో ఆ వేడి పెద్ద వింత కాదు. ఇంట్లో దాచేటప్పుడు పూర్తిగా ఖాళీ చేయకుండా కొంచెం గాలి ఉంచితే లోపలికి తేమ చేరదు.

ఇండియాకి తేవచ్చా

సెలవులకి హైదరాబాద్, గుంటూరు, కర్నూలు వచ్చేటప్పుడు సెట్ మొత్తం సూట్‌కేసులో సర్దుకుంటామని పిల్లలు పట్టుబడతారు. గాలి ఉన్న ట్యాంకుని విమానంలోకి రానివ్వరు. ఖాళీ అని చెప్పినా చాలదు. రెగ్యులేటర్ పూర్తిగా ఊడదీసి, సీసా నోరు తెరిచి, లోపల ఏమీ లేదని కంటికి కనిపిస్తేనే అమెరికా విమానాశ్రయ భద్రతా సిబ్బంది ఒప్పుకుంటారు. ఆ ఊడదీయడం ఇంట్లో చేయకూడని పని అని ముందే అనుకున్నాం. అంటే షాపులో తీయించి, దిగాక మళ్లీ తెలిసినవాళ్ల చేత బిగించుకోవాలి.

దిగాక ఇంకో అడ్డంకి ఉంది. ఇండియాలో గ్యాస్ సీసాలు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదం లేని సీసాని దిగుమతి చేసుకోకూడదు, నింపకూడదు. అర లీటరు దాటిన ప్రతి సీసాకీ ఈ నిబంధనలు వర్తిస్తాయి. 48 సైజు ట్యాంకే 0.8 లీటరు. డీఓటీ ముద్ర ఇక్కడ అక్కరకు రాదు. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో పెయింట్‌బాల్ ఆడించే చోట గన్ను, ట్యాంకు, మాస్కు అన్నీ వాళ్లే ఇస్తారు. పిల్లలు తమ మాస్కు ఒక్కటి వెంట తెచ్చుకుని, ట్యాంకుని కొంచెం గాలితో అక్కడే ఇంట్లో వదిలి వస్తే సరిపోతుంది.